రొమ్ములో గడ్డకు లివర్‌లో మచ్చలేమిటి?

క్యాన్సర్ రక్తంలో పడి వేరే అవయవాలకు పాకడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు క్యాన్సర్ వైద్యులు ఇచ్చిన జవాబులివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

ప్ర: మా అమ్మకు నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాయి. ఇప్పుడు స్కానింగులో లివర్‌లో మూడు మచ్చలున్నాయన్నారు. డాక్టరు గారు లివర్ క్యాన్సర్ మందులు ఇవ్వకుండా మళ్లీ రొమ్ము క్యాన్సర్ మందులే రాశారు. పొరపాటేమైనా జరిగిందా?
(పాఠకురాలు, ఖమ్మం)

జ: పొరపాటు కాదు. అది లివర్‌లో పెరుగుతున్న రొమ్ము క్యాన్సర్. ఆసుపత్రుల్లో 'సెకండరీస్' అంటున్నది దీన్నే. ఆ మచ్చలోంచి ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కనిపించేవి రొమ్ము కణాల పోలికలే. మందు పనిచేసేది కణం పుట్టిన చోటును బట్టి, అది కాపురం పెట్టిన చోటును బట్టి కాదు. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ వేరు. అది ఎక్కువగా హెపటైటిస్ బి, సి వల్లనో, మద్యం, ఫ్యాటీ లివర్ వల్లనో ముందే దెబ్బతిన్న లివర్‌లో వస్తుంది. దాని మందులు అమ్మగారికి పనికిరావు.

డాక్టరు గారిని ఒక్కటి అడగండి: లివర్ మచ్చ నుంచి ముక్క పరీక్ష చేశారా? లివర్‌లో కనిపించే మచ్చలన్నీ క్యాన్సర్ కావు. రక్తనాళాల ముద్దలు, నీటి తిత్తులు, చీముగడ్డలు కూడా మచ్చల్లాగే కనబడతాయి. క్యాన్సరే అయినా, నాలుగేళ్ల కింద రొమ్ము గడ్డలో ఉన్న ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టార్లు), హెర్-2 (కణాన్ని పెరగమనే ప్రొటీన్) ఫలితాలు ఇప్పుడు లివర్ మచ్చలో అలాగే ఉండాలని లేదు. కొందరిలో మారతాయి, మారితే మందూ మారుతుంది. పాత ఆపరేషన్ తాలూకు మైనపు దిమ్మలు (పారాఫిన్ బ్లాకులు), స్లయిడ్లు ఆ ఆసుపత్రి ల్యాబులోనే ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి తెచ్చుకుంటే కొత్తవాటితో పోల్చి చూడవచ్చు. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే ఆ పని కుదరదు.

ప్ర: రొమ్ములోనో పేగులోనో ఉన్న కణం అంతదూరం ఎలా వెళ్తుంది? రక్తంలో పడితే చాలు, ఎక్కడైనా మొలుస్తుందా?
(ఇంటర్ బైపీసీ విద్యార్థి, తెనాలి)

జ: మొలవదు. రక్తంలో పడిన కణాల్లో దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. ఎక్కడెక్కడ ఆగుతాయో వరసగా చూద్దాం.

ముందు కణం తన చోటు నుంచి ఊడాలి. మన అవయవాల పైపొర కణాలు ఈ-క్యాథెరిన్ అనే ప్రొటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని, బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలచటి పొర మీద కూర్చుని ఉంటాయి. పాకే గుణం వచ్చిన కణంలో ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది. కణం సాగి, కదలడం మొదలుపెడుతుంది. మెటలోప్రొటీనేజ్ అనే ఎంజైములతో కింది పొరను కోసుకుని దిగుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఇది ఒంటరి కణం పనిలా ఉంటుంది గానీ, చాలా గడ్డల్లో కణాలు సగమే మారి, చిన్న చిన్న గుంపులుగా కదులుతాయి.

తర్వాత రక్తనాళంలోకి దూరాలి. ధమనుల గోడ మందం. అందుకని కణాలు ఎంచుకునేది చిన్న సిరలను, కేశనాళికలను. పైగా గడ్డ తన ఆకలి తీర్చుకోవడానికి వీఈజీఎఫ్ అనే సంకేతం పంపి కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది. హడావుడిగా పుట్టిన ఆ నాళాల అతుకులు వదులుగా ఉండి కారుతుంటాయి, కాబట్టి లోపలికి దూరడం పెద్ద కష్టం కాదు.

అసలు గండాలు రక్తంలో పడ్డాక మొదలవుతాయి. ఇన్నాళ్లూ ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని బతికిన కణం ఇప్పుడు పట్టు లేక తనంతట తానే చనిపోయే దశకు వస్తుంది. రక్తప్రవాహపు ఒరిపిడికి పొర చిరుగుతుంది. ఎన్‌కే కణాలనే తెల్ల రక్తకణాలు కనిపెట్టి చంపుతాయి. రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలో తిరిగే ఇలాంటి కణాలు సగానికి తగ్గడానికి పట్టే కాలం 1 నుంచి 2.4 గంటలని లెక్కగట్టారు. అంటే ఈ సాయంత్రం రక్తంలో కనిపించిన కణాలు నిన్నటివి కావు, గడ్డ కొత్తగా వదిలినవి.

ఈ గండం దాటే కణాలకు తోడు నిలిచేవి ప్లేట్‌లెట్లు. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టించే ఇవే క్యాన్సర్ కణానికి చుట్టూ అతుక్కుని, ఎన్‌కే కణాల కంట పడకుండా కప్పేస్తాయి. టీజీఎఫ్-బీటా అనే పదార్థం వదిలి ఆ కణం పాకే గుణాన్ని ఇంకా పెంచుతాయి. గుంపుగా వెళ్లే కణాలకు ఇంకా బలం. ఎలుకల్లో చేసిన పరీక్షల్లో ఒంటరి కణాలతో పోలిస్తే గుంపులు కొత్త గడ్డ పెట్టే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని 2014లో తేలింది.

ఇప్పుడు సైజు సంగతి. ఎర్ర రక్తకణం అడ్డకొలత 7-8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మడతపడి సందుల్లోంచి జారిపోగలదు. కేశనాళిక 5-10 మైక్రాన్లు. గడ్డ నుంచి వచ్చిన కణం 15-20 మైక్రాన్లు ఉండవచ్చు. కాబట్టి దారిలో ఎదురైన మొదటి కేశనాళికల వలలోనే అది ఇరుక్కుంటుంది. రొమ్ము నుంచి బయలుదేరిన కణానికి ఆ మొదటి వల ఊపిరితిత్తులు: చంక దగ్గరి సిర, గుండె కుడి భాగం, అక్కడి నుంచి ఊపిరితిత్తులు. అక్కడ ఒత్తుకుని సాగి జారిపోయినవి గుండె ఎడమ భాగానికి వచ్చి, ధమనుల్లో ఎటైనా వెళ్లగలవు. మొదటి ప్రశ్నలోని అమ్మగారి లివర్‌కు దారి అదే.

ఇరుక్కున్న కణం నాళం గోడ దాటి బయటపడితే పని అయిపోయినట్టేనా? ఎలుకల లివర్‌లోకి మెలనోమా (చర్మపు రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) కణాలను పంపి ఒక్కొక్క దశలో లెక్కపెట్టిన ప్రయోగం ఒకటి 1998లో ప్రచురితమైంది. మూడు రోజులకు 80 శాతానికి పైగా కణాలు నాళం దాటి లివర్ కణజాలంలోకి దిగాయి. చిన్న గుంపుగా పెరగడం మొదలుపెట్టినవి దాదాపు 50కి ఒకటి. కంటికి కనిపించే గడ్డ అయినవి 5 వేలకు ఒకటి. చేరడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. క్యాన్సర్‌కు అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఈ చివరిదే. మనిషిలోనూ అంతే. మొదటి మూడు స్టేజీల్లో ఉన్న 4,703 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల ఎముక మజ్జ పరీక్షల వివరాలు కలిపి చూస్తే సుమారు 30 శాతం మందిలో క్యాన్సర్ కణాలు అప్పటికే ఉన్నాయి. జబ్బు తిరగబెట్టే ప్రమాదం వాళ్లకు మిగతావాళ్ల కన్నా ఎక్కువే, కానీ కణాలు దొరికిన ప్రతి ఒక్కరికీ తిరగబెట్టలేదు.

ఇంకో చిన్న సంగతి. జూరిచ్ పరిశోధకులు 2022లో 30 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీల నుంచి తెల్లవారుజామున 4 గంటలకు, మళ్లీ ఉదయం 10 గంటలకు రక్తం తీసి చూస్తే, ఎక్కువ కణాలు నిద్రవేళ తీసిన రక్తంలోనే దొరికాయి. నిద్ర తగ్గిస్తే క్యాన్సర్ తగ్గుతుందని దీన్నిబట్టి వాట్సాప్‌లో ఎవరో ఒకరు అనకమానరు. ఆ పరిశోధన అలా చెప్పలేదు. నిద్ర మానకండి.

ప్ర: పేగు క్యాన్సర్ లివర్‌కు, ప్రోస్టేట్ క్యాన్సర్ నడుముకు, ఊపిరితిత్తులది మెదడుకు. ఒక్కొక్కటి ఒక్కో చోటికే ఎందుకు పోతుంది?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు)

జ: సగం జవాబు రక్తం పారే దారిలో ఉంది, సగం దిగిన చోటులో ఉంది. ఈ రెంటి మీద వందేళ్లకు పైగా వాదన నడిచింది.

దారి సంగతి ముందు. పెద్దపేగు నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కు వెళ్తుంది, కాబట్టి మొదటి వల లివరే. లివర్ కేశనాళికల గోడలకు సహజంగానే సన్నటి రంధ్రాలుంటాయి. అందువల్ల బయటికి దిగడమూ తేలిక. అదే మలద్వారానికి దగ్గరగా, రెక్టమ్ (పురీషనాళం) కింది భాగంలో వచ్చిన గడ్డయితే అక్కడి సిరలు పోర్టల్ దారి వదిలేసి పెద్ద సిరలో కలుస్తాయి. అందుకే దాని కణాలు లివర్‌ను తాకకుండానే ఊపిరితిత్తులకు వెళ్లగలవు. రెక్టమ్ క్యాన్సర్‌కు ఛాతీ సీటీ కూడా ఎందుకు రాశారని అడిగేవాళ్లకు జవాబు ఇది.

ప్రోస్టేట్ చుట్టూ ఉన్న సిరలు వెన్నెముక పొడవునా ఉండే సిరల వలతో కలిసి ఉంటాయి. బాట్సన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1940లో దీన్ని వివరించాడు. ఆ సిరల్లో కవాటాలు లేవు. దగ్గినా, ముక్కినా కడుపులో ఒత్తిడి పెరిగి రక్తం వెనక్కి, వెన్నుపూసల వైపు మళ్లగలదు. ఇక ఊపిరితిత్తుల్లో పుట్టిన గడ్డకు మధ్యలో వల అంటూ లేదు. దాని కణాలు సూటిగా గుండె ఎడమ భాగంలోకి, అక్కడి నుంచి మెదడుకు, ఎముకలకు, ఎడ్రినల్ గ్రంథులకు.

దారే అంతా అయితే రక్తం ఎక్కువ వెళ్లే చోట గడ్డలూ ఎక్కువుండాలి. గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకు వెళ్తుంది, అయినా కిడ్నీలో సెకండరీస్ అరుదు. కిడ్నీ నెత్తిన కూర్చున్న కొన్ని గ్రాముల ఎడ్రినల్ గ్రంథిలో మాత్రం ఊపిరితిత్తుల క్యాన్సర్ తరచుగా దిగుతుంది. ఒళ్లంతా ఉన్న కండల్లో దాదాపు కనిపించదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది పోస్టుమార్టం వివరాలు చూశాడు. లివర్‌లో 241 మందికి గడ్డలున్నాయి, ప్లీహంలో 17 మందికే. రెండింటికీ రక్తం బాగానే వెళ్తుంది కదా మరి! విత్తనం గాలికి ఎటైనా పోతుంది, పడిన నేల అనువైతేనే మొలుస్తుంది అన్నాడాయన. 1980ల్లో దీనికి బలమైన సాక్ష్యం వచ్చింది. క్యాన్సర్ వల్ల పొట్టలో నీరు చేరి బాధపడుతున్న కొందరికి ఉపశమనం కోసం ఆ నీటిని గొట్టంతో మెడ సిరలోకి మళ్లించారు. నీటితోపాటు లక్షలాది క్యాన్సర్ కణాలు నెలల తరబడి రక్తంలోకి వెళ్లాయి. చనిపోయాక పోస్టుమార్టం చేస్తే సుమారు సగం మందిలో రక్తం ద్వారా పాకిన గడ్డలే లేవు.

నేల ఎలా అనువవుతుందో ఎముకలో బాగా కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణం ఎముకలో దిగి పీటీహెచ్‌ఆర్‌పీ అనే పదార్థం వదులుతుంది. దాంతో ఎముక కణాలు ర్యాంక్-ఎల్ అనే సంకేతం ఇస్తాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు లేచి పని మొదలుపెడతాయి. కరిగిన ఎముకలోంచి అందులో దాగున్న టీజీఎఫ్-బీటా విడుదలై క్యాన్సర్ కణానికే ఎరువవుతుంది. అది ఇంకా పీటీహెచ్‌ఆర్‌పీ వదులుతుంది. ఇలా చుట్టూ తిరుగుతుంది. కాబట్టే ఎముకలో పాకినవాళ్లకు క్యాన్సర్ మందుతోపాటు ఆస్టియోక్లాస్టులను ఆపే మందు కూడా ఇస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో చాలావరకు కొత్త ఎముక గట్టిగా పోగుపడుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా, దిట్టంగా కనిపిస్తుంది గానీ ఆ ఎముకకు బలం ఉండదు.

ప్ర: నాన్నకు మెడలో గడ్డ ఉంది. సూది పరీక్ష చేయించమన్నారు. ఊళ్లో అందరూ 'సూది గుచ్చితే, కత్తి పెడితే, గాలి తగిలితే ఒళ్లంతా పాకుతుంది' అంటున్నారు. రెండు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాం.
(పాఠకుడు, మహబూబ్‌నగర్)

జ: ఈ వారమే చేయించండి. గాలికి క్యాన్సర్‌తో సంబంధమే లేదు. పొట్ట తెరిచి చూస్తే అప్పటికే జబ్బు నలుమూలలా ఉండి, మూసేసిన కేసుల నుంచి పుట్టిన మాట అది. పాకాకే తెరిచారు, తెరిచాక పాకలేదు.

సూది సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు అంటుకునే అవకాశం పూర్తిగా సున్నా కాదు. మెడ బిళ్లకు (లింఫు గ్రంథికి), రొమ్ము గడ్డకు, థైరాయిడ్‌కు అది చాలా అరుదు, దానివల్ల బతుకు తగ్గుతుందన్న ఆధారం లేదు. అంటుకున్న కణం నిలదొక్కుకోవడం ఎంత కష్టమో పైన చూశారు. పైగా ఆ దారి తర్వాత ఆపరేషన్‌లోనో కరెంటులోనో పోతుంది. అయితే కొన్ని చోట్ల డాక్టర్లే జాగ్రత్త పడతారు. వృషణంలో గడ్డకు బయటి నుంచి సూది గుచ్చరు, గజ్జ దగ్గర కోసి మొత్తం తీసి పరీక్షకు పంపుతారు. అండాశయంలో పగలకుండా ఉన్న అనుమానపు గడ్డకు సూది పెట్టరు. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌లో సూది దారి వెంట గడ్డ మొలిచే అవకాశం సుమారు 2.7 శాతమని పాత అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. స్కాన్, రక్త పరీక్షలతోనే తేలితే అక్కడ ముక్క తీయరు. ఎముకలో, కండలో పుట్టే సార్కోమా అనే క్యాన్సర్‌లో ముక్క తీసే దారిని ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించాలి. ఆ దారిని కూడా తర్వాత కోసి తీసేయాలి కాబట్టి. అడ్డంగా పెట్టిన ఒక్క గాటు వల్ల కాలు నిలబెట్టే అవకాశం పోయిన సందర్భాలున్నాయి.

ఆపరేషన్ సమయంలో కణాలు రక్తంలోకి కొంత ఎక్కువగా వెళ్లే మాట నిజమే. దాన్ని తగ్గించే ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. ముంబయి టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో పలు ఆసుపత్రులు సుమారు 1,600 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలపై చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. గడ్డ తీయడానికి 7-10 నిమిషాల ముందు దాని చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్, అంటే మామూలు మత్తుమందు, ఇచ్చినవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 90.1 శాతం, ఇవ్వనివాళ్లలో 86.4 శాతం. ఖర్చు స్వల్పం. రొమ్ము ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు సర్జన్‌ను దీని గురించి అడగవచ్చు.

గడ్డ ఊరికే ఉన్నా రోజూ కణాలు వదులుతూనే ఉంటుంది. రెండు నెలల జాప్యం వల్ల వచ్చే నష్టం ముందు సూది నష్టం లెక్కలోకి రాదు.

ప్ర: నాలుక పక్కన పుండు. ముక్క పరీక్షలో క్యాన్సర్ వచ్చింది. మెడలో బిళ్లలేమీ లేవు, అయినా మెడ కూడా కోస్తామంటున్నారు. అవసరమా?
(పాఠకుడు, శ్రీకాకుళం)

జ: చాలామందికి అవసరమే. నోటి క్యాన్సర్ రక్తం దారి పట్టేది ఆలస్యంగా, ముందు మెడలోని లింఫు గ్రంథులకు వెళ్తుంది. చేతికి తగలనంత చిన్న బిళ్లలో కూడా కణాలుండవచ్చు. టాటా మెమోరియల్‌లో 500 మంది రోగుల్లో పోల్చి చూస్తే, మొదటి ఆపరేషన్‌లోనే మెడ బిళ్లలు తీసినవాళ్లలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు. బిళ్ల కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతం (2015). పుండు లోతు 3 మిల్లీమీటర్లకు మించితే ఈ లాభం ఎక్కువ. ముక్క పరీక్ష రిపోర్టులో లోతు ఎంతో చూడమనండి. మీ వైపు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల అంగిలి కూడా ఒకసారి చూపించండి.

ప్ర: చుక్క రక్తంతో క్యాన్సర్ కణాలను పట్టేస్తామని, ముందే తెలుసుకోవచ్చని ప్రకటనలు చూస్తున్నాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చేయించుకోవచ్చా?
(పాఠకురాలు, విజయవాడ)

జ: వద్దు. రక్తంలో క్యాన్సర్ కణాలను లెక్కపెట్టడానికి అమెరికాలో 2004లో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ పరీక్ష 7.5 మి.లీ. రక్తం తీసుకుంటుంది. అందులో ఎర్ర కణాలే సుమారు 3,700 కోట్లు, తెల్ల కణాలు ఐదు కోట్ల దాకా. పాకిన రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్‌లలో ఆ మొత్తంలో 5 క్యాన్సర్ కణాలు దొరికితేనే ఎక్కువ కింద లెక్క, పెద్దపేగు క్యాన్సర్‌కు 3. ముదిరిన జబ్బులోనే లెక్క ఇంత తక్కువుంటే, చిన్న గడ్డ ఉన్న మనిషి రక్తంలో ఒక్కటీ చిక్కకపోవచ్చు. 'లేదు' అని వచ్చిన రిపోర్టు చూసుకుని మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మానేయడమే అసలు ప్రమాదం. జబ్బున్నవాళ్లకు కూడా ఈ లెక్క జబ్బు ఎలా నడుస్తుందో చెబుతుందే తప్ప, అది తగ్గలేదని ముందుగానే కీమో మార్చినందువల్ల రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షు పెరగలేదని 2014లో తేలింది.

కణాల కోసం కాక, రక్తంలో తేలే గడ్డ తాలూకు డీఎన్‌ఏ కోసం చేసే పరీక్ష వేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందని తేలినవాళ్లకు ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉందో లేదో చూసి మందు ఎంచుకోవడానికి అది నిజంగా ఉపయోగం.

ప్ర: పెట్ స్కాన్‌లో ఛాతీ బిళ్లలు వెలిగాయి, నాలుగో స్టేజి అంటున్నారు. నమ్మవచ్చా? మళ్లీ తీయించాలంటే ఏం జాగ్రత్తలు?
(పాఠకుడు, అనంతపురం)

జ: వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. ఆ స్కాన్ చూపేది, ఇంజెక్షన్‌లో ఇచ్చిన రేడియోధార్మిక చక్కెరను ఎక్కువగా తాగుతున్న చోట్లను. క్షయ బిళ్లలూ తాగుతాయి, న్యుమోనియా తాగుతుంది, మానుతున్న కుట్టూ తాగుతుంది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఛాతీ మధ్య బిళ్లలు మాత్రమే వెలిగితే, వీలైనచోట శ్వాసనాళంలోకి పంపే ఎండోస్కోపీ అల్ట్రాసౌండుతో (ఈబస్) సూది వేసి తేల్చుకున్నాకే నాలుగో స్టేజి అని రాయాలి. ఆ ఒక్క మాటతో ఆపరేషన్ అవకాశం పోతుంది కాబట్టి ఈ పట్టుదల అవసరం.

స్కాన్‌కు ముందు రోజు బరువులెత్తడం, పరుగు, వ్యాయామం వద్దు. కండలు వెలుగుతాయి. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. షుగర్ 200 లోపు ఉండాలి. ఎక్కువుంటే ఇంజెక్షన్‌లోని చక్కెర గడ్డకు సరిగా చేరక జబ్బు దాగిపోతుంది. స్కాన్‌కు ముందు హడావుడిగా ఇన్సులిన్ వేసుకుంటే చక్కెర కండల్లోకి పోతుంది, అదీ చెడుపే. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల పేగులు బాగా వెలుగుతాయి. ఎప్పుడు ఆపాలో ముందే అడగండి. ఇంజెక్షన్ తర్వాత సుమారు గంట కదలకుండా, వెచ్చగా పడుకోవాలి. మందులోని రేడియోధార్మికత ప్రతి 110 నిమిషాలకు సగం తగ్గుతుంది. ఆ రోజంతా గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండండి.

మెదడు ఎప్పుడూ చక్కెర తాగుతూనే ఉంటుంది. అందులోని చిన్న మచ్చలు ఈ స్కాన్‌లో దొరకవు, ఎంఆర్‌ఐ కావాలి. ఎక్కడైనా సరే, అర సెంటీమీటరు కన్నా చిన్నవి తప్పిపోవచ్చు.

ప్ర: ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మందులు వాడుతున్న మామగారికి నెల నుంచి నడుము నొప్పి. ఆయుర్వేద నూనెతో మర్దన చేయిస్తున్నాం, తగ్గడం లేదు.
(పాఠకురాలు, నిజామాబాద్)

జ: మర్దన వెంటనే ఆపండి. క్యాన్సర్ తిన్న వెన్నుపూస ఒత్తిడికి కూలిపోవచ్చు. పడుకున్నప్పుడు, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి, దగ్గితే తుమ్మితే పొడుచుకొచ్చే నొప్పి, నడుం చుట్టూ పట్టీ బిగించినట్టుండటం ఉంటే ఎంఆర్‌ఐ కావాలి. నొప్పి ఉన్న చోటుకే కాదు, మొత్తం వెన్నెముకకు, ఎందుకంటే ఒకటికి మించి చోట్ల ఉండవచ్చు. కాళ్లు తూలడం, మెట్లెక్కలేకపోవడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడంలో ఏది కనిపించినా అది అర్ధరాత్రయినా ఎమర్జెన్సీ. వెన్నుపాము నొక్కుకుపోతోంది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇచ్చి, 24 గంటల్లోపు కరెంటో ఆపరేషనో మొదలుపెట్టాలి. నడుస్తూ ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవాళ్లలో మళ్లీ నడిచేవాళ్లు తక్కువ.

ఎముకకు పాకిందని తేలితే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మి.గ్రా. సెలైన్‌లో కనీసం 15 నిమిషాలపాటు, నాలుగు వారాలకో పన్నెండు వారాలకో ఒకసారి ఇస్తారు. లేదా డెనోసుమాబ్ 120 మి.గ్రా. చర్మం కింద నాలుగు వారాలకోసారి. మొదటి దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడాలి. రెండోది కాల్షియాన్ని బాగా పడగొట్టగలదు, కిడ్నీలు బలహీనమైనవాళ్లలో మరీను. మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరుకు చూపించి, పీకాల్సిన పన్ను ఉంటే పీకించండి. మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. మధ్యలో విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, తికమక మాటలు వస్తే రక్తంలో కాల్షియం పెరిగిందేమో అదే రోజు చూపించండి. వయసు మీద పడి అలా మాట్లాడుతున్నారనుకుని ఇంట్లో వదిలేస్తుంటారు.

ప్ర: జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమో నడుస్తోంది. ఎడమ కాలు ఒక్కటే వాచింది. క్యాన్సర్ కాలికి పాకిందా?
(పాఠకుడు, కడప)

జ: ఎక్కువగా అనుమానించాల్సింది లోపలి సిరలో కట్టిన రక్తపు గడ్డను. క్యాన్సర్ కణాలు రక్తాన్ని చిక్కబరిచే పదార్థాలు వదులుతాయి. జీర్ణాశయం, క్లోమం క్యాన్సర్‌లలో ఇది మరీ ఎక్కువ. పారిస్ వైద్యుడు ట్రూసో ఈ సంబంధాన్ని 1865లో చెప్పాడు. రెండేళ్లకు ఆయనే పొట్టలోని క్యాన్సర్‌తో పోయాడు, అంతకుముందు తన సిరలోనూ గడ్డ కట్టింది. ఈ రోజే కాలికి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారడాన్ని చూసే అల్ట్రాసౌండు) చేయించండి. కాలు పిసకవద్దు, గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు. రక్తం పలచబరిచే ఇంజెక్షన్లో మాత్రలో వాడతారు. మీ గడ్డ ఇంకా కడుపులోనే ఉంటే కొన్ని మాత్రలతో రక్తస్రావం ఎక్కువ, కాబట్టి మందుల షాపులో అడిగి కొనకండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే డాప్లర్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ప్ర: ఐదేళ్లు దాటితే రొమ్ము క్యాన్సర్ పూర్తిగా పోయినట్టేనా?
(పాఠకురాలు, డల్లాస్)

జ: హార్మోన్ రిసెప్టార్లు ఉన్న రకానికి ఆ మాట చెల్లదు. చేరిన చోట పెరగలేక నిద్రపోయే కణాలు ఏళ్ల తరబడి అలాగే ఉండగలవు. ఐదేళ్ల హార్మోన్ మందు ముగిసేసరికి ఏ జబ్బూ లేని 62,923 మందిని పరిశీలిస్తే, ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా దూర అవయవాల్లో తిరగబెట్టే అవకాశం 2 సెం.మీ. లోపు గడ్డ, చంక బిళ్లలు లేనివాళ్లలో 13 శాతం; 2 నుంచి 5 సెం.మీ. గడ్డ, 4-9 బిళ్లలు ఉన్నవాళ్లలో 41 శాతం. టామోక్సిఫెన్ వంటి హార్మోన్ మందులు కొందరికి ఐదేళ్లు దాటి కొనసాగించేది ఇందుకే. మీ పాత రిపోర్టులో ఎన్ని బిళ్లల్లో కణాలున్నాయో చూసి, దాన్ని పట్టుకుని డాక్టరుతో మాట్లాడండి. కొత్తగా వచ్చి మూడు వారాలైనా తగ్గని ఎముక నొప్పి, దగ్గు, పొద్దున్నే తలనొప్పితో వాంతులు ఉంటే తర్వాతి చెకప్ దాకా ఆగవద్దు.

ప్ర: క్యాన్సర్ ఉన్నవాళ్లతో కలిసి తింటే అంటుకుంటుందా? వాళ్లు రక్తం ఇవ్వవచ్చా?
(పలువురు)

జ: అంటుకోదు. ఒకరి కణాన్ని మరొకరి రోగనిరోధక వ్యవస్థ పరాయిదని గుర్తుపట్టి చంపేస్తుంది. రక్తం మాత్రం ఇవ్వకూడదు, చికిత్స పొందినవాళ్ల నుంచి బ్లడ్‌బ్యాంకులు తీసుకోవు. అవయవ మార్పిడిలో ప్రమాదం నిజం, ఎందుకంటే అక్కడ నిరోధక శక్తిని మందులతో అణచి ఉంచుతారు. దానానికి 16 ఏళ్ల ముందు మెలనోమా తీయించుకుని నయమైందనుకున్న దాత కిడ్నీలు అందుకున్న ఇద్దరిలోనూ మెలనోమా వచ్చినట్టు 2003లో బ్రిటన్ వైద్యులు ప్రకటించారు. అందువల్ల అవయవదానం ఫారంలో పాత క్యాన్సర్ సంగతి ఎంత పాతదైనా రాయాలి.